షాహీదాబీ దాచిన ముక్కలు

"తుడిచెయ్యమంటే తుడిచెయ్యాల. అంతే!"

"ముందు నీ మొగం తుడుచుకో పో. పొద్దున్నుంచి ఆ డబ్బాలో తలకాయి పెట్టి, దుమ్మంతా పూసుకోని తిరుగుతాండావు."

"ఎగతాళి గాదు షాహీదా. ఎలక్షన్ పని నెత్తిమీద ఉండాది. పని సామానంతా కొత్త డిస్కులోకి మార్చి పాతదాన్ని ఖాళీ జేస్తే ఇంక ఏ బాధా ల్యా. దాంట్లో ఏముందని ఇట్ల అడ్డం పడతాండావు?"

"ఏముంటే నీకెందుకు? పాతదాన్ని ముట్టుకున్యావంటే ఈ పూట పొయ్యి ఎలగదు. చెప్తాండా!"

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక సందులో, మేడమెట్ల మీద నిలబడి ఏలీయా ఈ కొట్లాటంతా తీరిగ్గా విన్నాడు. పైకి పోయి అడ్డం పడే ఉద్దేశం అతనికి లేదు. మొగుడూ పెళ్ళాల కొట్లాటను సగంలో ఆపితే మళ్ళీ మొదటినుంచి మొదలవుతుందని తమ ఇంట్లో చూసి నేర్చుకున్నాడు. లోపల గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత మాటల్లేవు. అప్పుడు చెప్పులు విడిచాడు.

ఏలీయాది ప్రొద్దుటూరు. ఇంజనీరింగు రెండో ఏడాదిలో, పుస్తకంలో తప్పుంటే తప్పని లెక్చరర్ మొహానే చెప్పి, క్షమాపణ అడగమంటే సంచి తీసుకుని ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఒకచోట గంటసేపు కూర్చుంటే కాళ్ళలో చీమలు పాకుతాయి గనుక ఊరూరూ తిరిగే ఈ పని అతనికి బాగానే కుదిరింది. నోరు మాత్రం అప్పటి నోరే.

"రాప్పా, రా," అన్నాడు చాంద్ బాషా. నలభై అయిదేళ్ళ మనిషి, పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. "కొత్త డిస్కు నేనే బిగించినా. ఇప్పుడు కొత్తదీ కనపడల్యా, పాతదీ కనపడల్యా. తెరమీద నల్లగా ఏందో రాసొస్తాది, ఆడ్నే నిలబడిపోతాది."

"నువ్వెందుకు బిగించినావు మామా? నేను కెమెరా పట్టుకుంటే పెండ్లికూతురికి బదులు దూలం వస్తాది. ఎవురి పని వాళ్ళు చెయ్యాల."

పరదా వెనక నుంచి ఆడమనిషి నవ్వింది. టీ గ్లాసు పట్టుకుని షాహీదాబీ బయటికొచ్చింది. ఏలీయాను ఎగాదిగా చూసి, "నిన్ను నేనెరుగుదును. పోయిన ఎండాకాలం ఎర్రగుంట్ల కాడ చర్చిలో పెండ్లి. నీలం చొక్కా. మూడు బంతుల్లో కూర్చోని తిన్యావు," అంది.

ఏలీయాకు పొలమారింది. "మూడు గాదు అత్తా, రెండే."

"మూడోసారి పెరుగన్నానికి కూర్చున్యావులే. నేనే కత్తిరించి తీసేసినా, పిల్లనిచ్చేవాళ్ళు చూస్తే బాగుండదని."

ఈ ఇంట్లో కెమెరా మొగుడిదైతే, మిక్సింగు పెళ్ళానిది. తీసుకొచ్చిన క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి, వంకరటింకర ముక్కలు కోసేసి, పాటలు అతికి, పెళ్ళివారికి చూడదగ్గ రెండు గంటలుగా చేసేది షాహీదాబీయే. వేంపల్లెలో పుట్టి ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. కొత్తల్లో బాషా క్యాసెట్లు మోసుకుని మిక్సింగుకు ప్రొద్దుటూరు పోయేవాడు. అక్కడివాళ్ళు వారాలకు వారాలు తిప్పుతుంటే విసిగి, "ఆ పనేందో నేనే నేర్చుకుంటా" అని, ప్రొద్దుటూరులోనే ఉన్న చెల్లెలు మెహరున్నీసా ఇంట్లో మూడు నెలలుండి నేర్చుకొచ్చింది. పెళ్ళికూతురి మీద గులాబీలు రాల్చడం ఆమెకు గిట్టదు. "ఆ పిల్ల మొగమే బాగుంటే పూలెందుకు, బాగలేకుంటే పూలేం జేస్తాయి?" అంటుంది. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా వందల పెళ్ళిళ్ళు చూసింది, ఒక్క పెళ్ళికీ పోకుండా. ఎవరి మేనత్త కుంటుతోందో, ఎవరి అల్లుడు అలిగి మూతి ముడుచుకున్నాడో, ఏ పెద్దమనిషికి ఏ పెద్దమనిషి పక్కన కుర్చీ వేయకూడదో ఆమెకు తెలిసినంతగా పెళ్ళిపెద్దలకే తెలియదు.

ఏలీయా డబ్బా మూత ఊడదీసి నేలమీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ముందు కొత్త డిస్కును విప్పేసి పాతది ఒక్కటే ఉంచి ఆన్ చేశాడు. అన్నీ మామూలుగా వచ్చాయి. పాతది తీసి కొత్తది ఒక్కటే పెట్టాడు. మొదటి తెరమీద దాని పేరు, సైజు ఠంచనుగా కనపడ్డాయి. రెండూ కలిపి పెట్టాడు. రెండూ మాయం.

"చూసినావా, మన పార్టీల మాదిరే," అన్నాడు బాషా. "ఎవురికి వాళ్ళు మంచోళ్ళే. ఒక బంతిలో కూర్చోబెట్టినామంటే అయిపోయ."

ఏలీయా కరెంటు వైర్లు మార్చి చూశాడు. రెండు డిస్కులనూ బోర్డుకు కలిపే వెడల్పాటి పట్టీని తీసి, సంచిలోంచి వేరేది వేశాడు. లాభం లేదు. పాత డిస్కును చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. వెనకవైపు చిన్న చిన్న సూదుల్లాంటి పిన్నులున్నాయి. వాటిలో రెండింటి మీద వడ్లగింజంత నల్ల టోపీ ఉండాలి. జంపరంటారు. ఒకే పట్టీ మీద రెండు డిస్కులున్నప్పుడు ముందు మాట్లాడేది ఎవరో, ఆగి మాట్లాడేది ఎవరో చెప్పేది అదే. ఈ రకం డిస్కు ఒంటరిగా ఉన్నంతకాలం టోపీ లేకపోయినా నడుస్తుంది. పక్కన ఇంకొకటి చేరితే టోపీ కావాలి. కొత్తదానికి ఉంది. పాతదానికి లేదు.

"దీని టోపీ యాడ మామా?"

"ఏం టోపీ? దాన్ని మూడేండ్లుగా ఎవురూ ముట్టుకోల్యా."

ఏలీయా స్క్రూలను చూశాడు. మూడేళ్ళు కదలని స్క్రూ నల్లబడి దుమ్ముపట్టి ఉంటుంది. ఇవి రోజూ తిప్పినట్టు గాడి అరిగి మెరుస్తున్నాయి. డిస్కు సందుల్లో తెల్లటి పొడి. పేపరుమీద బోర్లించి తట్టాడు. రెండు నూకలు రాలాయి.

ఇంకొకడైతే ఆడమనిషి మొహం చూసి ఊరుకునేవాడేమో. ఏలీయా ఊరుకోలేదు.

"మామా, ఈ డిస్కు బియ్యంలో పండుకోని లేచొస్తాండాది. ఎవురో ఊడదీస్తాండారు, మళ్ళా బిగిస్తాండారు. ఒకసారి గాదు, శానాసార్లు."

చాంద్ బాషా నూకల వంక చూశాడు. తర్వాత వంటింటి మూలనున్న బియ్యం డ్రమ్ము వంక చూశాడు. చివరికి పెళ్ళాం వంక చూశాడు.

షాహీదాబీ పైట కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "ఆ నల్లది నాకు దొరికిందిలే," అంది. "ఎప్పుడో బియ్యం చెరుగుతాంటే చేటలో పడింది. రాయనుకోని ఏరి పారేసినా."

"డిస్కు డ్రమ్ములో ఎందుకుండాది షాహీదా?"

"నువ్వు కెమెరా తీసుకోని పోయినప్పుడల్లా నేనే పెడతా. నువ్వొచ్చే ఏళకు బిగిస్తా."

"ఎందుకు?"

ఆమె వంగి పేపరుమీది నూకలు ఏరింది. బాషాకు సగం అర్థమైనట్టే ఉంది. మంచం పట్టెమీద కూలబడి, ఏలీయాతో చెప్పినట్టుగా, ఆమెకు వినబడేట్టుగా చెప్పాడు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నలుగురు మనుషులు వచ్చారు. బాషా ఇంట్లో లేడు. మర్యాదస్తులు, చెప్పులు బయటే విడిచారు. పెన్న ఒడ్డు పల్లెలో ఒక పెళ్ళి పేరు చెప్పి, "మావాళ్ళదేనమ్మా, మా కాపీ పాడైంది, మళ్ళొకసారి చూడాల" అన్నారు. షాహీదాబీ చాయ్ పెట్టిచ్చి, వాళ్ళు అడిగినచోటల్లా ఆపి చూపించింది. బంతిలో ఒక మొహం దగ్గర ఎక్కువసేపు ఆపమన్నారు. పోతూ క్యాసెట్టు తీసుకుపోయారు. నెల తిరక్కుండా ఆ మొహం మనిషి లేడు. కక్షలున్న ఆ పల్లెల్లో పార్టీ మనుషులు ఫోటో దిగరు. కెమెరా కనపడితే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. ఆ తువ్వాలు ఎందుకో అప్పటిదాకా ఆమె పట్టించుకోలేదు.

"ఆ పొద్దే చెప్పినా," అన్నాడు బాషా. "క్యాసెట్టు పెండ్లోళ్ళ చేతికిచ్చిన మరుక్షణం మన డిస్కులో ఏమీ మిగలకూడదని. ఒక్క బొమ్మ కూడా. తుడిచేస్తాండా అని ఈమె చెప్తాంది, నేను నమ్ముతాండా!"

"తుడిచేస్తానే ఉండా. ఒక్కొక్క ముక్క తప్ప."

"ఏం ముక్క?"

ఏలీయా ఈలోపు సంచిలోంచి ఎప్పుడో చచ్చిపోయిన డిస్కొకటి తీసి, దాని టోపీని ముక్కుపట్టకారుతో లాగి పాతదాని పిన్నులకు తొడిగాడు. పట్టీ తగిలించి ఆన్ చేశాడు. తెరమీద ఒకదాని కింద ఒకటి రెండు పేర్లూ వచ్చాయి. మామూలుగా ఈ క్షణంలో అతను చప్పట్లు చరిచి ఇంకో టీ అడుగుతాడు. ఇప్పుడు అడగబుద్ధి కాలేదు.

బాషా లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. "పని సామాను కొత్తదాంట్లోకి మార్చు. పాతదాన్ని తుడువు."

పని ఫైళ్ళు మారడానికి అరగంట పట్టింది. కింద సందులో జీపొకటి మైకు పెట్టుకుని ఓట్లు అడుగుతూ పోయింది. అది పోయిన కాసేపటికి ఇంకో పార్టీ జీపు వచ్చి అదే దారిలో అవే దండాలు పెట్టింది.

"అయింది మామా."

"తుడువు."

ఏలీయా మౌసు మీద చెయ్యి పెట్టాడు. తెర అడిగింది: ఉన్నదంతా పోతుంది, సరేనా? అతను ముందుకు నొక్కలేదు. వెనక్కి తిరిగాడు.

"చూడకుండా తుడవను. తుడిచింది మళ్ళీ రాదు. అదేందో ముందు చూడు. చూసినాక కూడా తుడవమంటే తుడుస్తా."

"నువ్వు పనిచెయ్యను వచ్చినావా, పంచాయితీ జెయ్యను వచ్చినావా?"

"పనిచెయ్యనే వచ్చినా. పోయిన సామాను కావాలని రేపు నువ్వే ఫోన్ జేస్తావు. తెచ్చేది నాతో కాదు."

షాహీదాబీ వచ్చి అతని చేతిలోంచి మౌసు తీసుకుంది. ఎవరూ తెరవకుండా 'వేస్ట్' అని పేరుపెట్టిన ఫోల్డరు తెరిచింది. లోపల వరసగా చిన్న చిన్న బొమ్మలు. అరవై ఒక్కటి. ఒకదాన్ని నొక్కింది.

షామియానా నీడ. కుర్చీలో ఒకతను, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఎడమచేత్తో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. పక్కనుంచి, కనపడకుండా, ఎవరో ఏదో అన్నారు. అతను నవ్వాడు, పగలబడి. నవ్వులో తువ్వాలు జారి ఒళ్ళో పడింది. నాలుగు క్షణాలు. పళ్ళ మధ్య లడ్డూ పొడి, కళ్ళలో నీళ్ళు. మళ్ళీ తువ్వాలు పైకి లేచింది. అంతే, ముక్క అయిపోయింది.

"సాలోమోను," అంది షాహీదాబీ. "జీపు తోలేవాడు. సంక్రాంతి ఎనక పోయినాడు. పెండ్లాం రత్నమణి రెండుసార్లు వచ్చిపోయింది. ఆదివారం ఆయన పేరున ప్రార్థన, ఆదరణ కూడిక పెట్టుకున్యారంట. బల్లమీద పెట్టను ఒక ఫోటో కూడా ల్యా. ఓటరు కార్డుమీది బొమ్మ చూపించింది, ఈయప్పనో ఇంకొకరో తెలియకుండా ఉండాది అది. చిన్నపిల్లోడికి మూడేండ్లు. రేపు వాడు మా నాయన ఎట్లుంటాడని అడిగితే ఆమె ఏం చూపించాల?"

బాషా వంగి తెరను దగ్గరగా చూశాడు.

"ఆ పొద్దు నేను ఆపి చూపించిన మనిషి ఉండాడే," ఆమె గొంతు తగ్గింది. "ఆయన పెండ్లాం కూడా వచ్చింది, ఆయన పోయిన మూడోనాడు. ఆమెకు తెలీదు గదా, నా చేత్తోనే... మా ఆయనది బొమ్మేమన్నా ఉండాదా అమ్మా అని అడిగింది. క్యాసెట్టు వాళ్ళు తీసుకుపోయినారు. డిస్కులోది నువ్వు తుడిపించినావు. ల్యా తల్లీ అని పంపించినా. అప్పట్నుంచి ఒక్కొక్క పెండ్లిలో ఒక్కొక్కరిది, తువ్వాలు జారినప్పటిది, పక్కన ఇంకొకరు లేకుండా కోసి పెడతాండా. ఎవురు ఎవురితో కూర్చున్యారో దాంట్లో తెలీదు. ఊరు తెలీదు. మొగమొకటే."

"ఎవురికన్నా ఇచ్చినావా?"

"తొమ్మిదిమందికి. చెల్లెలింటికి పోయినప్పుడు ప్రొద్దుటూరు ల్యాబులో ఫోటో కడిగించి. యాడిదంటే గండి ఆంజనేయస్వామి తిరునాళ్ళలో ఎవురో తీసినారని చెప్పమని ఆడోళ్ళకు ఒట్టు పెట్టించినా. ఏసు బిడ్డలకు మాత్రం మీరే ఏదో ఒకటి చెప్పుకోండని వదిలేసినా."

చాంద్ బాషా చాలాసేపు తెరవంకే చూశాడు. ఆమె ఒక్కొక్కటీ తెరుస్తోంది. అరటిపండు ఒలుస్తున్న ముసలాయన. కుర్చీలోనే నిద్రపోయి నోరు తెరిచినవాడు. చేతులు కడుక్కుని తువ్వాలు కోసం వెతుక్కుంటున్నవాడు. ఆ ముసలాయన దగ్గర బాషా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు. ఈయన పెద్దకర్మకు నేను పోయినా. గోడమీద ఈ ఫోటోనే, దండేసి. దాని ముందర నిలబడి అనుకున్యా... ఎవురు తీసినాడబ్బా, శానా బాగా తీసినాడు, అరటిపండు తొక్క కూడా వదలకుండా, అని."

"నువ్వే తీసినావు," అంది షాహీదాబీ.

బాషా మొహం చిత్రంగా మారింది. ఇరవై ఏళ్ళుగా కెమెరా పట్టిన మనిషి. పెళ్ళివాళ్ళు సీడీ తీసుకుపోయి, మా పిల్లను నల్లగా చూపించావనో, మా బావను చూపించలేదనో నిష్ఠూరమాడటమే తప్ప, ఎవరూ ఒక మంచి మాట అన్నది లేదు. అద్దాలు తీసి తుడుచుకోబోయాడు. అతనికి అద్దాల్లేవు, కెమెరా దగ్గర మాత్రమే పెట్టుకుంటాడు. చెయ్యి ఊరికే కళ్ళమీదికి పోయింది.

ఏలీయా కాళ్ళలో చీమలు పాకలేదు. అతను కిటికీలోంచి సందులోకి చూస్తూ కూర్చున్నాడు, వాళ్ళిద్దరినీ చూడకుండా.

బాషా ఏలీయా వైపు తిరిగాడు. "తుడవద్దులేప్పా." మళ్ళీ వెంటనే, "కానీ ఈ ఇంట్లో వద్దు. షాహీదా, నేను కోపంతో చెప్పడంల్యా. తొమ్మిదిమందీ, ఈ సాలోమోనూ పోయినారు సరే, మిగతా యాభై ఒక్కమంది బతికుండారు. ఎలక్షన్లు దగ్గరికొచ్చినాయి. మళ్ళా నలుగురు చెప్పులిడిసి లోపలికొస్తే? డ్రమ్ములో బియ్యం కుమ్మరించను వాళ్ళకు ఎంతసేపు పడతాది? వీళ్ళ మొగాలు మన చేతులమీదుగా ఇంకొకసారి పోకూడదు."

మూడేళ్ళుగా ఆ డిస్కు విప్పినప్పుడల్లా ఆమె భయపడింది కూడా దానికే.

"నా కాడ పెట్టుకుంటా," అన్నాడు ఏలీయా. ఆలోచించి అన్నది కాదు, నోటినుంచి వచ్చేసింది. "నా గదిలో పాత డిస్కులు నూటికి పైగా పడుండాయి. దాంట్లో ఇదొకటి. నన్ను పెండ్లి వీడియో అడిగేవాడు ఎవుడుండాడు?"

మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున ఆ మాత్రం చూసుకుని ఉంటే కొట్లాటే ఉండేది కాదు.

షాహీదాబీ సాలోమోను నవ్వును ఒక్కచోట ఆపింది. ముందుకు ఒక బొమ్మ, వెనక్కి ఒక బొమ్మ జరిపి చూసింది. బాషా వంగి, "ఆడ గాదు, ఇంకొకటి ముందుకు. కండ్లు తెరుచుకున్యాడు చూడు," అన్నాడు. ఆ బొమ్మను ఏలీయా సీడీలోకి ఎక్కించాడు. ప్రొద్దుటూరులో కడిగించి శనివారానికి పంపుతానన్నాడు. తర్వాత మిషను ఆపి, కొత్త డిస్కు ఒంటరిగా నడిచేట్టు దాంట్లో అన్నీ ఎక్కించేసరికి పొద్దు వాలింది. మిషను లేచింది, ఎక్కడా ఆగలేదు. బాషా కెమెరా భుజానికి తగిలించుకుని, మీటింగు టైమైందని మెట్లు దిగిపోయాడు.

ఏలీయా పాత డిస్కును పేపర్లో చుట్టి సంచిలో అడుగున పెట్టుకున్నాడు. షాహీదాబీ మెట్ల దాకా వచ్చింది.

"అల్లుడా, ఇది ఊరికే పడుంటే ఏమన్నా అవుతాదా?"

అబద్ధం చెబితే పోయేదే. అతనికి చేతకాలేదు. "అవుతాది అత్తా. శానా ఏండ్లు తిరక్కుండా పెట్టేస్తే లోపల పట్టేస్తాది. మళ్ళా తిప్పినా తిరగదు."

ఆమె ఒక మెట్టు దిగి అతని సంచి మీద చెయ్యి వేసింది.

"అయితే ఒకటి చెయ్ నాయనా. ఎవురన్నా పోతే నేనే నీ కాడికొస్తా. ఆయప్పది ఒక్కటే తెరుద్దాం. నేను రాకుంటే నువ్వు తెరవొద్దు, ఎవురి మొగమూ చూడొద్దు. ఏడాదికొకసారి మాత్రం కరెంటిచ్చి ఊరికే తిప్పు. తిరిగిందని నాకొక ఫోన్ జెయ్యి. అంతే నేనడిగేది. చేస్తావా?"